రేడియోకు బదులు చెప్పే పెద్దమ్మ

ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో నేను బోర్డు మీద రాసే వాక్యం ఒకటే. ఒకచోటి నుంచి, ముఖపరిచయం లేని వేలమందికి, ఒకే మాటను ఒకేసారి అందించే సాధనం మాస్ మీడియా. తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెప్పడం నా ఉద్యోగం. పిల్లలు ఆ వాక్యాన్ని నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటూ ఉంటే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. అందులో తాను బదులు చెప్పే చోటు లేదంటే ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

కార్వేటినగరం దగ్గర పల్లెలో వాళ్లకు మామిడితోపు ఉంది. నా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. రేడియోలో వార్తలు చదివే ఆయన "నమస్కారం" అనగానే పెద్దమ్మ చేస్తున్న పని ఆపి "నమస్కారమప్పా" అనేది. పంటల కార్యక్రమంలో ఎవరైనా తప్పు చెబితే చేతిలో చేట కింద పెట్టి మరీ వాదించేది.

"ఆయనకు వినబడదు కదా పెద్దమ్మా" అన్నానొకసారి.

"వినబడకపోతే ఏమి? పలకరించినోళ్లకు బదులు సెప్పల్ల కదా."

టీవీ వచ్చాక కూడా అంతే. ఎంఏలో చేరిన కొత్తలో నా చదువంతా ఆమె ముందు ఒలకబోశాను. పేపరైనా రేడియో అయినా టీవీ అయినా మాట అటు నుంచి ఇటు రావడమే గానీ, ఇటు నుంచి అటు పోదని చెప్పాను. మహా అయితే ఉత్తరం రాయొచ్చు, దాన్ని చదువుతారో లేదో తెలియదు అన్నాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తూ అంతా విని, "అట్లయితే మీ పెదనాయన మాదిరే. సెప్తాడు, వినడు" అంది. పక్కనే మంచం మీదున్న పెదనాయన నవ్వుతూ అటు తిరిగి పడుకున్నాడు.

రెండేళ్ల కిందట పెద్దమ్మ కూతురు, మా అక్క, ఆమెకొక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది. ఆ జనవరిలో నేను వెళ్లేసరికి తోపంతా పూత మీద ఉంది. పుత్తూరు వైపు నుంచి ఒకాయన మామిడి రైతుల కోసం ఫోన్‌లో లైవ్ పెట్టేవాడు. ఆయన నమస్కారం అనగానే పెద్దమ్మ అలవాటుగా బదులు చెప్పింది. 'కార్వేటినగరం నుంచి మా పెద్దమ్మ' అని చేర్చి నేను ఆ మాటను కామెంటులో టైపు చేశాను.

"కార్వేటినగరం నుంచి ఒకమ్మ నమస్కారం పెట్టినారు. నమస్కారమమ్మా, బాగుండారా?" అన్నాడాయన.

పెద్దమ్మ గబగబా కొంగు భుజాల మీదికి లాక్కుంది. "మనం ఈడ కూర్చోనుండేది ఆయప్పకు కనబడతాందా?" అని గొంతు తగ్గించి అడిగింది. కనబడదన్నా నమ్మలేదు. ఆ గంటసేపూ గోడకు ఆనుకోకుండా నిటారుగానే కూర్చుంది.

పూత రసం పీల్చి మసి పట్టించే తేనెమంచు పురుగు గురించి చెబుతూ ఆయన, పూత పూర్తిగా విచ్చుకున్నాక మందు కొట్టినా ఫరవాలేదన్నాడు. పెద్దమ్మ ఊరుకోలేదు.

"రాయి పాపా. అప్పుడు మందు కొడితే ఈగలూ తేనెటీగలూ సచ్చిపోతాయి. అవి వాలకపోతే పిందె యాడ నిలుస్తాది?"

రాశాను. ఆయన చదివి, "అమ్మ సెప్పింది కరెక్టే. నేను తొందరపడినాను" అన్నాడు. అప్పుడు పెద్దమ్మ ముఖం చూడాలి!

అంతలో కింద ఇంకొకరి కామెంటు వచ్చింది. నేను దాన్ని వేలితో పైకి తోసేయబోయాను.

"ఏమి రాసినారు? సదువు" అంది.

"ముసలమ్మా, వంటింట్లో పని చూసుకో. మందుల సంగతి నీకెందుకు?" అని చదివాను.

పెద్దమ్మ ఆ ఫోన్ వైపే చూస్తూ అంది. "రేడియో ఆయన ఎప్పుడూ ఇట్ల తిట్టలేదే."

"ఆయనకు నీ మాట వినబడలేదు కదా."

"అవునులే. వినబడినాక కదా తిట్టేది" అని ఫోన్ తీసి బీరువాలో పెట్టేసింది.

పది రోజులైనా ఆమె ఫోన్ ముట్టలేదని అక్క చెప్పింది. టైపు చేసింది నేనే కాబట్టి మనసు ఒప్పక ఆదివారం బస్సెక్కాను. అన్నం పెడుతూ ఆమే అడిగింది.

"ఆ తిట్టినాయప్ప మాట పోయిందా, ఉండాదా?"

"రేడియో మాట మాదిరి గాల్లో కలిసిపోదు పెద్దమ్మా. అట్లనే ఉంటుంది. కావాలంటే ఆయన్ను బ్లాక్ చేస్తాను."

"వాకిట్లోకి వచ్చినోణ్ణి తరిమేస్తావా? నాయనా, నీ తోపులో పూత ఎట్లుండాది అని రాయి."

నాకు ఇష్టం లేదు. అయినా ఆయన కామెంటు కిందే రాశాను. మరుసటి రోజు పొద్దున ఒక ఫొటో వచ్చింది. ఆకులూ పూగుత్తులూ నల్లగా మసి పట్టి ఉన్నాయి. "మొత్తం పోయేటట్లుండాది. ఏం సేయల్ల?" అని కింద రాశాడు. క్షమాపణ లేదు. పెద్దమ్మ దానికోసం చూడనూ లేదు. "అయ్యో బిడ్డా" అంది ఫోన్‌తో.

నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. వాయిస్ మెసేజ్ పెట్టడం ఆమె ఒక్క పూటలో నేర్చుకుంది. ఆయనది బంగారుపాళెం దగ్గర. పెద్దమ్మ చెప్పినట్టు చేస్తే ఆ ఏడాది ఆయనకు సగం పంట దక్కింది. ఇప్పుడు వాళ్ల మాటల్లో మామిడి తక్కువ, ఆయన బిడ్డ దగ్గూ పెద్దమ్మ మోకాలి నొప్పీ ఎక్కువ.

ఈ మధ్య బోర్డు మీద నా వాక్యం కింద ఇంకొకటి రాస్తున్నాను: కొత్త మీడియాలో విన్నవాళ్లు మాట్లాడగలరు, మాట్లాడినవాళ్లు వినాల్సి వస్తుంది. ఏది మంచిది మేడమ్ అని పిల్లలు అడిగితే ఈ సంగతే చెబుతాను. మొన్న ఒక అమ్మాయి "పెద్దమ్మగారి ఛానల్ పేరేంటి మేడమ్?" అంది. ఛానలేమీ లేదన్నాను.

సాయంత్రం ఫోన్‌లో ఆ మాట పెద్దమ్మకు చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అది పెట్టేదానికి ఎంత సేపు పడుతుంది పాపా?" అంది.