పొగాకు మానిన అక్కతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు

ఈ ప్రయాణం మా అక్క నోట్లో కనబడిన తెల్లమచ్చతో మొదలైంది. అక్క నారాయణమ్మది పులివెందుల. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆకూవక్కలో పొగాకు వేసుకుంటోంది. కిందటేడు బుగ్గ లోపల మచ్చ లేస్తే జమ్మలమడుగు ఆసుపత్రి డాక్టరమ్మ వక్క, పొగాకు రెండూ మానమంది. మానకపోతే అది పుండై, మద్రాసు దాకా పోయి కోయించుకోవలసి వస్తుందని కూడా చెప్పింది. అక్క ఆ రోజే మానేసింది. మళ్లీ చూపించుకునే గడువు వచ్చి, తోడు రమ్మని కబురు చేస్తే, కర్నూలులో కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందే గానీ, అక్కడి నుంచి పులివెందుల చేరడం మాత్రం పాత అవస్థే.

పులివెందులలో తొలి బస్సు ఆరింటికని చెప్పారు. ఏడవుతున్నా కదలలేదు. డ్రైవరు కాశిం సాహెబు మడ్‌గార్డు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆరింటికన్నారు కదండీ?" అన్నాను.

"నిండితే ఆరింటికేనమ్మా. నిండల్యా."

"ఎప్పుడు నిండుతుంది?"

"నువ్వెక్కి కూర్చో. ఒకరు తగ్గుతారు."

బస్సంతా నవ్వింది, మా అక్కతో సహా. వేరుశనగ మూటల మధ్య కాళ్లు ముడుచుకుని ముద్దనూరు చేరేసరికి ఎండ ముదిరింది. టికెట్టు రూపాయి లోపే గానీ, నడుం నొప్పి మాత్రం అంతకు మించినది. ముద్దనూరు నుంచి జమ్మలమడుగుకు నేరుగా బస్సుంది. అది ఎదురుగా ఆగి ఉండగానే అక్క ప్రొద్దుటూరు బస్సు వైపు నడిచింది.

"ఓబుళమ్మ వదినను చూసి పోదామే. దావలోనే గదా."

దారిలో కాదు. చుట్టు. ఓబుళమ్మ మా మేనమామ కూతురు, ప్రొద్దుటూరులో మగ్గాల బజారు వెనక ఉంటుంది. కిందటేడు మానేసిన కొత్తలో వాళ్లింట్లో ఆకుల పళ్లెం పెడితే అక్క ముట్టుకోలేదట. కారణం చెప్పలేదు. ఆ వైపు ఇళ్లలో పళ్లెం తోసేస్తే ఇంటినే తోసేసినట్టు. అప్పటి నుంచి మాటలు లేవు. ఆ సంగతి ఇప్పుడు తీర్చుకోవాలట, అదీ ఆసుపత్రికి పోయే రోజే!

ఓబుళమ్మ వదిన గడపలోనే అందుకుంది. "రాండి రాండి, పెద్దోళ్లు! మా ఇల్లు యాడుండాదో ఇంకా గుర్తుండాదే!" అని, నా వైపు తిరిగి, "సదువుకున్న మరదలు గూడా వచ్చిందే. కుర్చీ యాడ తెచ్చేది?" అంది. అన్నం పెట్టింది, ఉర్లగడ్డ కూర, చారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి పళ్లెం సిద్ధం: ఆకులు, వక్కలు, సున్నం, నల్లటి పొగాకు కాడలు. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు గోడకు ఆనుకుని కూర్చుని అక్క చేతినే చూస్తున్నారు. అక్క ఆకు తీసింది, సున్నం రాసింది, వక్క వేసింది. పొగాకు తుంచి, మడిచి, బుగ్గన పెట్టుకుంది. ఎడమ బుగ్గే. మచ్చ ఉన్న బుగ్గ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది నియమం, నా సెలవు, చచ్చీచెడీ చేసిన ఈ బస్సు ప్రయాణం, అన్నీ ఆ బుగ్గలోకి పోయాయి. అందరి ముందూ ఏమీ అనలేక లేచి వీధిలోకి వచ్చాను.

జమ్మలమడుగు బస్సులో అక్కే మాట మొదలుపెట్టింది.

"కోపమా?"

"డాక్టరమ్మకు ఏం చెబుతావు?"

"తల తిరిగిందే. కారం. ఏమీ బాగలేదు. నాకు దాని మీద ఆశే లేదని నమిల్నాక తెలిసింది."

"మరెందుకు వేసుకున్నావు?"

"పోయినేడు ఓబుళమ్మ ఇంటి నుంచి వచ్చినాక నేను ఎవురింటికీ పోలేదు సావిత్రీ. పెండ్లికి పోల్యా, పురిటికి పోల్యా. పోతే పళ్లెం పెడ్తారని భయం. ఇంట్లో ఒక్కదాన్నే కూసోని మానేసినా అనుకుంటి. నలుగుర్లో కూసునేసరికి చెయ్యి దానంతట అదే పాయె."

నా కోపం మాత్రం పోలేదు.

ఆసుపత్రిలో మధ్యాహ్నం చీటీలు మూడింటికి ఇస్తారు. అక్క అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. డాక్టరమ్మ అడగకముందే, "ఈ పొద్దు ఒక తూరి ఏసుకున్యామ్మా" అంది. డాక్టరమ్మ బుగ్గ లోపల చాలాసేపు చూసింది. మచ్చ చిన్నదయిందట, పోలేదట. "ఇంకొకసారి వేసుకుంటే మద్రాసుకు రాసిస్తాను. మూడు నెలలకు రా" అని గట్టిగా మందలించింది. బయటికొచ్చేసరికి పులివెందుల బస్సు పోయింది. రాత్రికి చోటెక్కడ? మళ్లీ ప్రొద్దుటూరే! ఈసారి నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

దీపాలు పెట్టే వేళకు ఓబుళమ్మ వదిన ఇల్లు చేరాం. మళ్లీ పళ్లెం. నేను అక్క పక్కన, చెయ్యి పట్టుకునేంత దగ్గరగా కూర్చున్నాను. అక్క ఒక్క ఆకు తీసుకుంది. పళ్లెంలోని పొగాకు కాడ ఎత్తి వదిన చేతిలో పెట్టింది.

"ఆకు నీ మర్యాదకు. ఇది నాకొద్దు. దీపం తే, చూపిస్తా." వదిన దీపం తెచ్చింది. అక్క నోరు తెరిచి, వేలితో బుగ్గ లాగి చూపింది. "పోయినేడు ముట్టంది ఇందుకే. మధ్యాన్నం నీకు భయపడి ఏసుకున్యా."

"ముందే చెప్పి సావొచ్చు గదే! ఏడాది నేను నిన్ను తిట్టుకునేట్ట చేస్తివి!" అంది వదిన. తర్వాత మాట తగ్గింది. దీపం అక్క చేతికిచ్చి, తన నోరు తెరిచి, "ఈడ చూడు వదినా. నాలుక్కింద. శానా దినాలాయ. నాకూ ఉండాదేమో?" అంది.

మర్నాడు పొద్దున జమ్మలమడుగు బస్సులో ముగ్గురం కూర్చున్నాం. వదినను చూసి డాక్టరమ్మ, సమయానికే వచ్చావంది.

అలవాటులో మళ్లీ పడిన మనిషిని మొదటికి వచ్చిందంటాం. నేనూ దారంతా అదే అనుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం అక్క తప్పటడుగు వేయకపోతే, తనకు దేనికి భయమో తనకే తెలిసేది కాదు, ఆ భయాన్ని నలుగురిలో చెప్పేదీ కాదు. అలాగని వేసుకోవడం మంచిదయిందని అనడానికి నాకు నోరు రాదు. మచ్చ ఇంకా ఉంది. అక్క మళ్లీ వేసుకోదన్న నమ్మకం నాకు సగమే. ఆమెకు మాత్రం ఇప్పుడు పళ్లెం ముందు కూర్చోవడం వచ్చు, అది ఏడాది క్రితం రాదు.

మీరు ఆ వైపు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. జమ్మలమడుగులో మధ్యాహ్నం చీటీ తీసుకుంటే ఆ రోజుకు పులివెందుల బస్సు మీకు దొరకదు. ముందు రోజే అక్కడికి చేరి, ఉదయం చీటీ తీసుకోండి.