పగులు మీద గాజు ముక్క

మా ఎమ్మెల్యే గారు పోయారు. శుక్రవారం పొద్దున హాస్టల్ వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే, మా దగ్గరుండే ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, మీ పాత ఎమ్మెల్యే గారట, పంజాగుట్ట ఆసుపత్రిలో పోయారట" అంది. నాకు ఏడుపు రాలేదండీ. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, భయం వేసింది. మా అందరి వంతూ తనే భయపడే మనిషి పోయాడు, ఇక మమ్మల్ని ఎవరు చూస్తారన్న భయం.

నేను గోదావరి పక్క మనిషిని. మావారు పోయాక, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకొచ్చే ఆడపిల్లలకి హాస్టల్ పెట్టుకుని బతుకుతున్నాను. నేను మొదలెట్టినప్పుడు ఆయన వట్టి కార్పొరేటర్. తర్వాత రెండుసార్లు అసెంబ్లీకి గెలిచారు, మూడోసారి ఓడారు, మళ్లీ నిలబడలేదు. మంత్రి పదవి రాలేదు. అసెంబ్లీలో లేచినప్పుడల్లా మురుగు నాలాలు, తెగిన కరెంటు తీగలు, పాత గోడలు, ఇవే మాట్లాడేవారు. టీవీలో చూసి మా వీధివాళ్లు "మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ" అని నవ్వేవాళ్లు. వాన పడితే చాలు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మధురానగర్ సందుల్లో మ్యాన్‌హోల్ మూతలు చూసుకుంటూ తిరిగేవారు. "ఎలక్షన్లంటె భయం లేదక్కా. మబ్బు పట్టిందంటెనే గుండె దడదడ కొట్టుకుంటది" అనేవారు.

ఏ కాగితమైనా రెండుసార్లు చదివిగానీ సంతకం పెట్టేవారు కాదు. ఎవరైనా విసుక్కుంటే, "సంతకం పెట్టేటప్పుడు చెయ్యి జర వణకాలె. వణకకుంటె గది రబ్బరు స్టాంపు" అనేవారు. ఇప్పుడు చౌరస్తాలో ఆయన ఫోటో కింద 'ధైర్యానికి మారుపేరు' అని ఫ్లెక్సీ కట్టారు. ఎవరు రాశారో గానీ, ఆయన్ని బొత్తిగా ఎరగరు.

ఆరేళ్ల కిందటి మాట. అప్పటి మా హాస్టల్ అద్దెకి తీసుకున్న పాత బిల్డింగ్, నాలుగంతస్తులు. దాని మీద పర్మిషన్ లేకుండా రేకుల గదులు వేయించింది నేనే. పక్క ప్లాటులో సెల్లార్ కోసమని మా పునాదికి ఆనుకుని లోతుగా తవ్వారు. నెల తిరక్కుండా మా మెట్ల గోడకి సన్నటి పగులొచ్చింది. వారంలో ఖాళీ చెయ్యమని మున్సిపాలిటీ వాళ్లు నోటీసు అంటించారు. అరవై మంది ఆడపిల్లలు, కోర్సులన్నీ సగంలో ఉన్నాయి. నాకేమో ఆ హాస్టల్ తప్ప వేరే ఆధారం లేదు. నోటీసు పీకి పట్టుకుని పంజాగుట్టలో ఆయన ఆఫీసుకి పరుగెత్తి, "ఒక్క ఫోన్ చెయ్యండి బాబూ" అని ఆయన ముందు కూలబడ్డాను.

చేశారు. "జర నెల రోజులు ఆగుండ్రి సార్" అన్నారు. ఆఫీసరు ఆగాడు. నేను దణ్ణం పెట్టి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. ఆయనకి మాత్రం నిద్ర పట్టలేదట.

తెల్లారి ఆరింటికల్లా మేస్త్రీ ఖాజా భాయ్‌ని వెంటబెట్టుకుని వచ్చేశారు. పగులుకి అడ్డంగా చిన్న గాజు ముక్క పెట్టించి, రెండు కొసలా సిమెంటుతో అతికించారు. "గోడ కదిలితె గాజు పలుగుతది. గప్పటిదాక ఫికర్ లేదు" అన్నాడు ఖాజా భాయ్. అది మొదలు రోజూ పొద్దున్నే రావడం, మెట్ల దగ్గర నిలబడి గాజు చూడడం, వెళ్లిపోవడం. టీ ఇస్తానన్నా ఆగేవారు కాదు. మా పిల్లలు పళ్లు తోముకుంటూ "ఎమ్మెల్యే సార్ గాజుకి గుడ్ మార్నింగ్ చెప్పడానికొచ్చారు" అని కిసుక్కుమనేవాళ్లు.

పన్నెండో రోజు ముసురు పట్టింది. పొద్దున్నే మెట్లు ఊడుస్తూ చూద్దును కదా, గాజు రెండు ముక్కలై ఉంది. ఇంతవరకూ బయట ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆయన వచ్చేలోగా ఆ ముక్కలు పీకేశాను. పగిలిన ఫోటో ఫ్రేము అద్దం ముక్క ఒకటి వెతికి తెచ్చి, సిమెంటు కలిపి, నా చేత్తోనే అతికించాను. పైన ఆడపిల్లలు నిద్రపోతున్నారు. వాళ్లు నాకు గుర్తు రాలేదని అబద్ధమాడను. గుర్తున్నారు. అయినా అతికించాను.

ఆయన వచ్చారు. గాజు చూశారు. వేలితో సిమెంటు తాకారు. ఇంకా తడిగా ఉంది. వేలు చూసుకుని, నా మొహంలోకి చూశారు. పెదాలు అదురుతున్నాయి.

"అక్కా, పిల్లల్ని లేపుండ్రి. ఉరకొద్దని చెప్పి ఒక్కొక్కల్నే కిందికి దింపుండ్రి."

"నా పొట్ట కొడతారా?"

"కొడత. లేపుండ్రి."

వీధంతా వినేలా అరిచాను. "పిరికివాడికి పదవెందుకయ్యా? పక్క బిల్డరు ఏం పెట్టాడు నీకు?" అని నోటికొచ్చిందల్లా అన్నాను. "పిరికోన్నే అక్కా" అంటూనే ఆయన ఆ మెట్లెక్కి పైకి పోయారు. ప్రతి తలుపూ కొట్టారు. చివరి పిల్ల దిగేదాకా మెట్ల మీదే నిలబడి, అందర్నీ బేగంపేటలో ఒక ఫంక్షన్ హాల్లో దింపించారు.

బిల్డింగ్ పడలేదు. ఆ రోజూ పడలేదు, ఆ వారమూ పడలేదు. వీధి నవ్వింది. రెండు నెలలకి ఓనరే కూలగొట్టించాడు. వంటింటి పక్క స్తంభానికి గునపం తగలగానే పొడిపొడిగా రాలింది. లోపలి ఇనప చువ్వ నా చేతిలో తుప్పుగా నలిగింది. అక్కడ పనిచేస్తున్న ఖాజా భాయ్ కూడా చూశాడు. నేను నోరు మూసుకుని వచ్చేశాను. ఆ నోరే విప్పితే, మధురానగర్‌లో అప్పుడే తెరిచిన నా కొత్త హాస్టల్‌కి ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? బిల్డరుతో కుమ్మక్కయ్యాడని నేనన్న మాట ఎలక్షన్ల నాటికి ఇంటింటికీ పాకింది. ఆయన ఓడిపోయారు.

నాటి పిల్లల్లో ఒకమ్మాయి ఈ మధ్య పాపనెత్తుకుని చూడ్డానికొచ్చింది. "ఎత్తుకోండి ఆంటీ" అని చంటిదాన్ని నా ఒళ్లో పెట్టబోతే, ఆ రోజు నేను అతికించిన గాజు గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పక్కన కూర్చుని, గాజు సంగతీ స్తంభం సంగతీ అన్నీ కక్కేశాను. "ఆయన భయమే నిజమమ్మా. నేను చెప్పలేదు" అన్నాను. తిడుతుందనుకున్నాను.

"ఆయనకు అంత ఎర్కనే వదినా" అంది ఆవిడ. "ఖాజా భాయ్ గా దినమే వచ్చి చెప్పిండు. మీటింగుల చెప్పుండ్రని మేమంత మొత్తుకున్నం. 'చెప్తె అక్క హాస్టల్‌కు ఒక్క పిల్ల సుత రాదు, ఎట్ల బతుకుతది' అన్నరు. ఓడిపోయినంక సుత నోరిప్పలే."

ఎలా లేచి వచ్చానో నాకు తెలియదు. హాస్టల్ చేరేసరికి వాన అందుకుంది. ఇది మూడంతస్తుల బిల్డింగ్, గట్టిదేనని ఓనరు చెబుతాడు. చెబితే? గంట కొట్టి పిల్లలందర్నీ కిందికి దింపేశాను. చదువుకునేవాళ్లనీ, తలంటుకున్నవాళ్లనీ, ఎవర్నీ వదల్లేదు. ఒక్కదాన్నే పైకెళ్లి, ప్రతి గదిలో ప్రతి మూలా తడుముకుంటూ తిరుగుతున్నాను.

"ఆంటీ, పైకి రావచ్చా?" అని కేకేశారు.

"ఇంకా లేదు. అక్కడే ఉండండి" అన్నాను.

కిటికీలోంచి చూశాను. ఎదురుగా జిరాక్స్ షాపు రేకు కింద సగం మంది, దుపట్టాలు నెత్తినేసుకుని రోడ్డు మీద సగం మంది. ఒకమ్మాయి నన్ను వీడియో తీస్తోంది. ఆంటీకి పిచ్చెక్కిందని ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నవ్వనీ.