మీసాల బ్రాకెట్ల మధ్య మామగారు

కంప్యూటరు నేర్చిన కొత్తలో నాకంటే తెలివైనవాడు సత్తుపల్లిలో లేడనుకునేవాణ్ణి. ఆ మూర్ఖత్వం నా పెళ్లినే మింగబోయిన సంగతి ఇవాళ పొద్దున మళ్లీ గుర్తొచ్చింది. ఏదో దుకాణంవాళ్లు పంపిన మెసేజీలో నా పేరుండాల్సిన చోట మెలితిప్పిన మీసాల్లాంటి రెండు బ్రాకెట్లూ, వాటి మధ్య ‘పేరు’ అన్న మాటా అలాగే మిగిలిపోయాయి. అది నింపడం మరిచిన తమ్ముడెవరో గానీ, నాకు కోపానికి బదులు ప్రేమే కలిగింది.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో క్రిస్మస్ శుభాకాంక్షలంటే ఒక్కొక్కరికీ ఫోన్లో బొత్తాలు నొక్కుతూ కూర్చోవడమే. నేను మాత్రం దర్జాగా ఓ చిన్న ప్రోగ్రాం రాశాను: వాక్యం అందరికీ ఒకటే, బ్రాకెట్ల చోట అత్తయ్య, పెదనాన్న, అక్క అని ఎవరి వరుస వాళ్లకు వచ్చి కూర్చుంటుంది. వరుస రాయని పేర్లకు ఏం పెట్టాలా అని ఆలోచించి, మా చర్చిలో సగంమంది నాకు బాబాయిలే కదా అని, ‘బాబాయి’ అని పెట్టేశాను.

అప్పటికి ఎర్రుపాలెంలో నాకో సంబంధం దాదాపు ఖాయమైంది. ఇంకా ఏ వరుసా కలవని ఆ పిల్ల తండ్రికి పండగ పొద్దున నా నుంచి ‘ప్రియమైన బాబాయి గారికి’ అని వెళ్లింది. తండ్రి బాబాయైతే కూతురు చెల్లెలే కదా. అబ్బాయి మర్యాదగా తప్పుకుంటున్నాడనుకుని వాళ్లింట్లో కేకైనా కోయకుండా కూర్చున్నారట.

కబురు తెలిసి మా అమ్మ చర్చికి కట్టిన చీరతోనే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వాళ్ల వాకిట్లో నేను బ్రాకెట్ల గురించి వివరించబోతుంటే అమ్మ, “నువ్వాగు, నీ మిషను చెప్పింది చాలు” అని, పిల్ల తండ్రి వైపు తిరిగి, “అన్నయ్యా, నీ బిడ్డను చూసొచ్చిన కాడి నుంచి వీడు అన్నం సరిగ తింటలేడు. చెల్లెలైతే తినకపోతడా?” అంది. ఆ ‘అన్నయ్యా’ అన్న ఒక్క పిలుపుతో ఆయనను నాకు మామయ్యను చేసేసింది.

ఆయన, “సరే, లోపలికి రా కొడుకా, కేకు కోద్దాం” అన్నారు. సంబంధం నిలిచింది గానీ, పెళ్లైనా, పిల్లలు పుట్టినా, నలుగురిలోనూ అల్లుడనకుండా, బాబాయికి నేను కొడుకు వరుసే కదా అని, అదే ‘కొడుకా’ అన్న ఎత్తిపొడుపు. ఎదురు చెప్పే ధైర్యం లేక తలొంచుకుని నవ్వేవాణ్ణి. ఆ మాత్రం పిలుపుతో పోయింది కదా అని లోలోపల దండం పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు ఫోన్లు పేర్లను వాటంతటవే నింపుకుంటున్నాయి. వరుసలు మాత్రం వాటికి తెలియవు. ఒక్క పిలుపుతో నాకు వరుస కలిపిన అమ్మ ఇప్పుడు లేదు. మొన్న క్రిస్మస్‌కు మామగారికి ఆ పాత వాక్యాన్నే, బ్రాకెట్ల మధ్య ఖాళీ వదిలేసి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.

“ఏంది కొడుకా, ఈసారి వరుస మర్చిపోయినవా?”

ఇన్నేళ్లలో మొదటిసారి నోరు తెరిచి అన్నాను. “మీకు నచ్చింది మీరే నింపుకోండి, బాబాయ్.”