ద్రాక్షరసం దించిన పాతర

నా చిన్నప్పుడు మా ద్రాక్షతోటలో ఒక వరుసను ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా తోటంతా శివరాత్రి అటూఇటుగా కోసి, బుట్టలకెత్తి కొత్తకోటలో లారీలకు వేసేవాళ్లు. ఆ ఒక్క వరుస మాత్రం ఎండలు ముదిరేదాకా తీగ మీదే ఉండేది. తెల్ల ద్రాక్ష పసుపు తిరిగి, తేనెరంగు వచ్చి, తోలు ముడతలు పడేదాకా మా తాత దాని మీద కత్తెర పెట్టేవాడు కాదు. పిల్లలం మేము ఒక్క పండు తెంపినా ఆయనకు ఎట్లాగో తెలిసిపోయేది. మా చర్చిలో ప్రభువు బల్లకు కావలసిన ద్రాక్షరసం ఆ వరుసదే.

తోట అంటే పెద్దదేమీ కాదు. గుట్ట వాలులో రాళ్ల మధ్య ఉన్న చెలక. మా తాత హైదరాబాద్ దగ్గరి తోటల్లో కూలి చేస్తూ తీగ పని నేర్చుకొని, వచ్చేటప్పుడు తడి గోనెసంచిలో తీగ ముక్కలు చుట్టి తెచ్చాడట. ఆ గుట్ట మీద రాళ్లు ఏరి ఏరి మా అవ్వకు గోళ్లు సరిగా పెరగనే లేదు. అందుకేనేమో, ఆ రసం మీద మా ఇంట్లో అందరికీ ఒక రకమైన గర్వం ఉండేది.

ఎండిన పండును చేత్తో పిసికి, గుడ్డలో వడగట్టి, పెద్ద కుండల్లో పులియబెట్టేవాళ్లు. చిక్కంతా మా పాలమూరు ఎండతోనే. ఇంట్లో ఏ మూల పెట్టినా కుండ వేడెక్కి, రసం పుల్లబడేది. ఒక ఏడు మరీ పుల్లగా అయింది. పాస్టరుగారు ఒక గుక్క తాగి కళ్లు గట్టిగా మూసుకుంటే, ఆయన లోతుగా ప్రార్థనలో ఉన్నాడనుకొని జనమంతా తలలు వంచారు. మా చిన్నాయన నవ్వు ఆపుకోలేక అవ్వ చేత తొడపాశం తిన్నాడు. అయితే ఇంటికొచ్చాక నవ్వలేదు. వచ్చే ఏడు ఇట్లా కానివ్వనని పంతం పట్టాడు.

చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు. నన్ను భుజం మీదికెత్తుకొని తోటంతా తిప్పేవాడు. ఇంటి వెనక జొన్నలు దాచడానికి నేలలో తవ్విన పాత పాతర ఒకటి ఖాళీగా పడి ఉంది. నోరు ఇరుకు, లోపల వెడల్పు, రెండు నిలువుల లోతు. పైన బండ కప్పితే నడివేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది. కుండలను అందులోకి దించుదామన్నాడు. తాత కాసేపు ఆలోచించి సరేనన్నాడు. కుండలు దించే రోజున ముందుగా కందిలి వెలిగించి తాడుతో కిందికి వదిలారు. లోపల చెడ్డగాలి ఉంటే దీపం ఆరిపోతుంది; అది చక్కగా వెలిగింది. మనుషులు దిగి కుండలు పెట్టి వచ్చారు.

పాతరలో చెడ్డగాలి ఉంటుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. జొన్నలు తీయడానికి బండ తెరిస్తే ఒక రాత్రంతా అట్లాగే వదిలేసి, పొద్దున దిగేవాళ్లు. చిన్నాయన కూడా అదే లెక్క వేసుకున్నాడు. కుండలు దించిన కొన్నాళ్లకు, రసం పొంగి కుండల మీది నుంచి పోతోందేమో చూద్దామని, ముందురోజు సాయంత్రమే బండ జరిపి పెట్టాడు. జొన్నల గాలి ఒకసారి పోతే పోయినట్టే. పులిసే రసం మాత్రం గంటగంటకూ కొత్త గాలి వదులుతూనే ఉంటుందని, అది బరువుగా అడుగున నిలిచిపోతుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జొన్నలతో బతికినవాళ్లం, ద్రాక్షరసాన్ని కూడా జొన్నల్లాగే చూశాం.

పొద్దున నేను అక్కడే కూర్చొని సద్ది తింటున్నాను. చిన్నాయన నిచ్చెన వేసి దిగాడు. "మస్తు వాసనొస్తుంది బిడ్డా" అన్నాడు లోపలి నుంచి. ఆ తర్వాత కుండ పగిలిన చప్పుడైంది. నేను పిలిచాను, పలకలేదు. నా కేకకు పక్కనే ద్రాక్షపందిరి కింద పని చేస్తున్న మా నాయన పరుగెత్తుకొచ్చి, వచ్చినవాడు వచ్చినట్టే నిచ్చెన మీద కాలు పెట్టాడు.

తాత వెనక నుంచి వచ్చి ఆయన జుట్టు పట్టుకొని గుంజి కింద పడేశాడు. పడేసి ఛాతీ మీద కూర్చున్నాడు. మా నాయన కంటే తాత బక్కమనిషి. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇడువు నాయినా! తమ్ముడు సస్తుండు!"

"ఇడువ. నువ్వు దిగితే నువ్వు గూడ రావు."

అవ్వ వచ్చి తాత వీపు మీద గుద్దింది. "వాడు నీ కొడుకు గాడా? వాణ్ని తీయనియ్యవా?" అని అరిచింది. తాత ఆమె వైపు చూడలేదు. నన్ను కందిలి తెమ్మన్నాడు. తెచ్చాను. అవ్వ వెలిగించి, తాడు కట్టి వదిలింది. సగం దూరం కూడా పోకముందే దీపం ఆరిపోయింది. అది చూసి మా నాయన పెనుగులాడడం మానేశాడు. మనిషి ఏడవడం అంత దగ్గరగా నేను చూడడం అదే మొదటిసారి.

అప్పుడు లేచాడు తాత. ద్రాక్షకొమ్మలు మోపుగా కట్టి, తాడుతో పాతరలోకి వదిలి పైకీ కిందికీ లాగడం మొదలుపెట్టాడు. గాలి కదలాలని. ఊరివాళ్లు వచ్చారు, వంతులేసుకొని లాగారు. దీపం అడుగుదాకా పోయి వెలిగాక, తాత నడుముకు తాడు కట్టుకొని తానే దిగాడు. మా నాయనను దిగనివ్వలేదు. చిన్నాయనను పైకి తెచ్చేసరికి ఆయన ముఖం నిద్రపోయినట్టే ఉంది. ఒంటి నిండా ద్రాక్షరసం. ఈగలు ముసురుతుంటే అవ్వ కొంగుతో తోలుతూనే కూర్చుంది.

సమాధి చేసి వచ్చిన మర్నాడే తాత పాతరను కుండలతో సహా మట్టీ రాళ్లూ పోసి పూడ్చేశాడు. మళ్లీ మా ఇంట్లో రసం తీయలేదు. మా నాయన చాలా ఏళ్లు తాతతో నేరుగా మాట్లాడలేదు. ఒకే తోటలో పని, ఒకే గిన్నెలో అంబలి, మాట మాత్రం నా ద్వారానో మా అమ్మ ద్వారానో పోయేది.

నేను పెద్దదాన్నయ్యాక ఒకరోజు తీగలు కత్తిరిస్తూ ఉన్నట్టుండి నాయన అడిగాడు. "నువ్వు నన్ను పట్టుకున్నప్పుడు తమ్మునికి పానం ఉండెనా?"

లేదని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ వయసులో నేనైతే అనేదాన్ని. తాత కత్తెర కింద పెట్టి మా నాయన ముఖంలోకి చూశాడు.

"ఉండె కావొచ్చు బిడ్డా. అది తెలిసే నిన్ను పట్టుకున్న."

నాయన మళ్లీ కత్తెర అందుకున్నాడు. ఆ రోజు నుంచి తాతతో మాట్లాడాడు. అవ్వ మాత్రం చివరిదాకా తాతతో మాట్లాడలేదు. ఆమెను నేనెప్పుడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఆమె కొడుకు లోపల ఉన్నాడు.

బావిలోనో మురుగు మోరీ ట్యాంకులోనో ఒకరు పడితే, కాపాడబోయి ఒకరి వెనక ఒకరు ప్రాణాలు వదిలారని పేపర్లో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. అట్లాంటి వార్త చదివిన రోజు నాకు అన్నం సయించదు. అందరూ మంచివాళ్లే, అందరూ ప్రేమించినవాళ్లే. వాళ్లను కింద పడేసి, మీద కూర్చొని, జీవితాంతం ఆ పాపం మోయడానికి సిద్ధపడే మనిషి మాత్రం అక్కడ ఉండడు. ప్రేమంటే అది కూడా అని నేను నేర్చుకున్నది ఆ పొద్దునే. అంత పని నా చేతనవుతుందని మాత్రం ఈ వయసులో కూడా చెప్పలేను.

మా తమ్ముడు పుట్టింది, తాత నాయనను దిగనివ్వని ఆ పొద్దు తర్వాత రెండేళ్లకు. వాడికిప్పుడు మనవలు. వాళ్లంతా ఒకచోట చేరి గోల చేస్తుంటే, నేను కాసేపు లేచి అవతలికి పోయి కూర్చుంటాను.