దుప్పట్ల మూటలో సూది

ఆసుపత్రిలో అందరూ ఆమెను పిడుగు ఆయమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఆ వార్డులో దుప్పట్లు మార్చే ఆమెకు డాక్టర్లకు తెలియని సంగతి ఒకటి తెలుసు. శిక్షణకు వచ్చే విద్యార్థులు రక్తం తీశాక, దూది ఒత్తడానికి చెయ్యి ఖాళీ లేక సూదిని పరుపులో గుచ్చుతారు. అర నిమిషమే అనుకుంటారు, ఆపైన మరిచిపోతారు. పరీక్షలో వాడిన సూదులు పడేసే డబ్బా గురించి అడిగితే పదికి పది తెచ్చుకునేదీ వాళ్లే.

ఆమె మొగుడు ఇదే ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాడు. మూటలో దాగిన సూది వేలికి దిగితే చొక్కాకు తుడుచుకుని ఊరుకున్నాడు. కొన్నేళ్లకు కాలేయం చెడి నెత్తురు కక్కుకుని చచ్చిపోయాడు. "బాగా తాగేవాడా?" అని అడిగారు డాక్టర్లు. చుక్క ముట్టని మనిషి.

ఆ మధ్యాహ్నం ఎనిమిది పడకల దుప్పట్లు పోగేసి గుండెకు అదుముకోగానే ఎడమ అరచేయి చురుక్కుమంది. మూట నేలకు కొట్టి చూస్తే సూది సిరంజితో సహా చేతికి వేలాడుతోంది. పీకి పళ్లెంలో పడేసి, చెయ్యి కడుక్కుంటూనే అరిచింది.

"ఏ పడక రక్తంరా ఇది? ఎవడు తీశాడు?"

విద్యార్థులు ఎనిమిదిమందీ గుడ్లప్పగించి చూశారు. ఒప్పుకున్నవాడు ఈ ఏడాది గట్టెక్కడు.

ఆమె తలుపు గడియ పెట్టింది. నేల తుడిచే కర్రను మోకాలికేసి విరిచింది.

"ఆయమ్మా, మీరిలా చెయ్యకూడదు," అన్నాడు కళ్లజోడు కుర్రాడు.

చెంప ఛెళ్లుమంది. కళ్లజోడు మంచం కిందకు ఎగిరిపడింది.

"నాకు నీతులు చెప్తావా? చదవేస్తే ఉన్న మతి పోయింది మీకు! ఎవరి రక్తమో తెలిస్తేగా నాకు ఏ మందివ్వాలో తెలిసేది!"

అడ్డం వచ్చినవాడి భుజం మీద కర్ర దిగింది. ఇంకొకడు వెనక నుంచి ఆమె జుట్టు పట్టి లాగాడు. మోచేత్తో వాడి ముక్కు పగలగొట్టింది. తెల్లకోటు ఎర్రబడింది.

"ఇంకోటి వెయ్యమ్మా! నిన్న నా చెయ్యి జల్లెడ చేశాడు!" అని కేకేశాడో రోగి.

ఒక పొడుగాటివాడు మాత్రం చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. ఆమె వాణ్ని గోడకు నొక్కి, గొంతుకు కర్ర అడ్డం పెట్టి, ఆ చెయ్యి బయటికి లాగింది. బొటనవేలికి ప్లాస్టర్.

"ఇదేంట్రా?"

"పొద్దున పరుపులోంచి తీయబోతే నాకే గుచ్చుకుంది. భయమేసి వదిలేశా. పదకొండో పడక."

"ఎవరికైనా చెప్పావా?"

"ఫెయిల్ చేస్తారని..."

పదకొండో పడకాయన గోడవైపు తిరిగాడు. "నాకు ఎయిడ్స్ జబ్బమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె పొడుగాటివాడి మూతి మీద ఒక్కటిచ్చింది. కాలరు పట్టి కొళాయి దగ్గరకు ఈడ్చి వేలు కడిగించింది. అక్కణ్నించి అలాగే అత్యవసర విభాగానికి లాక్కెళ్లింది.

"ఇద్దరికీ సూది గుచ్చుకుంది డాక్టరుగారూ. పదకొండో పడకది, ఆయనకు ఎయిడ్స్ ఉందట. ముందు వీడికి మందెయ్యండి, పొద్దుటినుంచి దాచాడు వెధవ."

"మూతి మీద ఈ దెబ్బేంటి?"

"అది నేను కొట్టింది. దానికి మందొద్దు."