శిఖరం చూడని నా కొడుకు

మా పెద్దవాడు పోయాడు. మార్కాపురం పలకల షెడ్డులో రాయి కోసిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టర్లు చెప్పారు. మీలో కొందరికి వాడు తెలిసే ఉంటాడు. శివరాత్రికి దోర్నాల ఘాట్‌ మీద నడిచిపోయే స్వాముల మూటలు సైకిల్‌కు తగిలించుకుని ముందు పోయేవాడు వాడే.

నాకు పెద్ద చదువు లేదు. ఓపిక కూడా అయిపోయింది. గుర్తున్నంత రాస్తాను.

ఏటా సైకిల్‌ మీదే శ్రీశైలం పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఘాట్‌ దిగే ముందు, అడవిలో విరిగిపడిన చెట్టు మండ ఒకటి వెతికి తాడుతో క్యారేజీకి కట్టేవాడు. అది రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిల్‌ పరుగు తీయదు. ఎక్కేటప్పుడు కంటే వాడు దిగేటప్పుడే నాకు భయం. ఇంటికొచ్చాక ఆకులన్నీ ఊడిన ఆ మండను వేన్నీళ్ల పొయ్యి దగ్గర పడేసి, "మా, దీంతోనే నాకు నీళ్లు కాచు. ఒళ్లు నొప్పులు పోతాయి" అనేవాడు.

పోయిన శివరాత్రికి వాడికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు కదలొద్దన్నాడు.

"ఇంట్లో కూచున్నా ఎగపోసుకునేదే కదమ్మా. ఆ ఎగపోసుకునేదేదో కొండమీద ఎగపోసుకుంటా."

ఆపలేక నేనూ బయలుదేరాను. దోర్నాల దాకా బస్సు మీద సైకిల్‌ వేసుకుని పోయాం. ఎక్కుడులో వాడు హ్యాండిల్‌ పట్టుకుంటే నేను వెనక నుంచి తోశాను.

"ఏందన్నా, ఈసారి అమ్మను ఇంజనుగా పెట్టినావా?" అని నడిచే స్వాములు నవ్వారు.

"పెట్రోలు తాగదు. తిట్లు మాత్రం తిడతాది" అన్నాడు వాడు, ఆ ఆయాసంలోనే.

శిఖరం దగ్గర అందరూ ఆగి గుడి గోపురం చూస్తారు. అక్కడి నుంచి చూస్తే మళ్లీ జన్మ ఉండదంటారు. వాడు మాత్రం ఏటా తల వంచుకుని పోతాడని స్వాములు ఎగతాళి చేసేవాళ్లు. ఆరోజు నేను మెట్లెక్కబోతే కొంగు పట్టుకున్నాడు.

"చూడొద్దు మా."

"ఏందిరా, ఇంత దూరమొచ్చి?"

"నేనూ ఎప్పుడూ చూడలా. ఇద్దరిలో ఎవరు చూసినా, మళ్లా నీ కడుపున పుట్టేదెట్ల?"

నవ్వుతూనే అన్నాడు. వాణ్ణి రోడ్డు పక్కన కూచోబెట్టాను. ఊపిరి అందేదాకా వాడి వీపు నిమురుతూ ఉన్నాను. ఇద్దరం అటు తిరగలేదు. స్వామిని గుడిలోనే చూసుకున్నాం.

దిగేటప్పుడు, "ఈసారి మండ ఎందుకు మా? నువ్వు వెనక కూచుంటే సైకిల్‌ యాడికి పోతాది?" అన్నాడు. అయినా పట్టుబట్టి కట్టించాను.

ఇల్లు చేరగానే ఆయాసం ముదిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ మండతో నీళ్లు కాచనే లేదు. తర్వాతంతా మంచంలోనే, తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే.

మొన్న స్వాములు ఇంటికొచ్చారు. "పెద్దమ్మా, ఈ శివరాత్రికి కారులో తీసకపోతాం. శిఖరం చూద్దువు రా" అన్నారు.

"గుడికి వస్తా నాయనా. శిఖరం కాడ మాత్రం కళ్లు మూసుకుంటా" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఈ వయసులో నాకు కడుపేమిటి, తెలియక కాదు. రోజూ కంది కట్టెతో పొయ్యి వెలిగించుకుంటున్నాను. ఆ మండ పక్కన గోడకు ఆనించే ఉంది. రోడ్డుకు రాసుకుని ఒకవైపు నున్నగా అరిగిపోయింది. కట్టె లేని రోజు చన్నీళ్లే పోసుకుంటాను గానీ దాన్ని ముట్టుకోను.

అది వాడి నీళ్లకు.