ఏ నీరు పెరిగింది?

1968లో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా నన్ను శ్రీకాకుళం జిల్లాలో ఒక క్షయ వార్డుకు వేశారు. అక్కడ నా రోగుల్లో భావనపాడు నుంచి వచ్చిన అప్పన్న ఒకడు. సముద్రంలో వేటకెళ్లే మనిషి. మామూలు మందులకు లొంగని క్షయ అతనిది. ఇక మిగిలింది కెనమైసిన్ ఇంజెక్షన్ ఒక్కటే. క్షయను అణచివేస్తూనే మూత్రపిండాలను దెబ్బతీయగల మందు అది.

కొన్ని వారాలకు అప్పన్న ముఖం ఉబ్బింది, మూత్రం తగ్గింది. ఆ మూత్రాన్ని పరీక్షనాళికలో స్పిరిట్ దీపం మీద కాచి, చుక్క ఎసిటిక్ ఆమ్లం వేస్తే గంజిలా తెల్లబడింది. ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలో పోతోందన్నమాట. ఇంజెక్షన్ ఆపితే క్షయ మింగుతుంది, ఆపకపోతే మూత్రపిండాలు పోతాయి. ఎటూ పాలుపోక తాత్కాలికంగా ఆపించాను. ఆ రోజే అతని భార్య నీలమ్మ, వాపు తీస్తుందని పల్లెల్లో వాడే గలిజేరు ఆకు కషాయం పట్టడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

నాలుగైదు రోజుల తర్వాత ఆమె వార్డు గుమ్మంలోనే ఎదురై, “నీరు బాగా ఎక్కువైనాది బాబూ” అంది. మా డాక్టర్ల భాషలో నీరంటే వాపే. కేసు షీటులోంచి ఇంజెక్షన్‌ను శాశ్వతంగా కొట్టేయమని నర్సుకు చెప్పి మంచం దగ్గరికి వెళ్లాను. అప్పన్న ముఖంలో ఉబ్బు లేదు. కాలి ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడలేదు. మరి ఈవిడ అలా ఎందుకంది? పైగా నవ్వుతూ ఎందుకంది? ఆమెనే అడిగాను.

“సెంబులు సెంబులు పోస్తన్నాడు గదా. మీ ముందు ఇంకేటి అనమంతారు?” అంది. మూత్రాన్ని ఒంటేలు అనడానికి సిగ్గుపడి నీరు అందట.

ఆస్పత్రి సూపరింటెండెంటుగారికి చెబితే, గుణమిచ్చింది ఆకా, ఇంజెక్షన్ ఆపడమా అని అడిగారు. రెండూ ఒకే రోజు జరిగాయన్నాను. అయితే నీకేమీ తెలియదన్నమాట అన్నారు. ఒళ్లు మండింది గాని, ఆయనన్నది నిజమే. మోతాదు తగ్గించి ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టాం. కషాయం మానమనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆల్బుమిన్ ఒకరోజు కనిపించేది, ఒకరోజు కనిపించేది కాదు.

చివరికి అప్పన్న తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లాడు. ఆకే కాపాడిందని నీలమ్మ అంది. మోతాదు తగ్గించడం వల్లనేనని సూపరింటెండెంటుగారు అన్నారు. నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నా వార్డులో ఏ రోగికీ ఒకే రోజు రెండు మార్పులు జరగనివ్వలేదు. నీరు పెరిగిందని ఎవరన్నా అంటే, ఎక్కడ అని అడిగాకే కలం తీశాను.